ఇంజన్ ఆగిందా, పెద్దాయన తిప్పాడా: ఒక టైగర్ మాత్ కేసు

ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్‌లో పని చేసి రిటైరైనవాణ్ణి నేను. ఇప్పుడు చేసేది పాత విమానాల రికార్డులు తవ్వడం. ఎవరింట్లోనో ఒక ఫోటో ఉంటుంది, లాగ్‌బుక్ ఉంటుంది, ఇది ఏ విమానం, దీనికి చివరికి ఏమైంది అని అడుగుతారు, నేను కాగితాలు తెప్పించి కూర్చి చెప్తా. ఈ కేసు రాయడానికి కారణం ఒకటే, ఇందులో అందరూ నమ్మే కాగితం తప్పుదారి పట్టించింది, ఇంట్లో ఎవరూ లెక్క చేయని రెండు వస్తువులు అసలు సంగతి చెప్పాయి. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నా. పేర్లు, ఊరు, విమానం నంబర్, సంవత్సరం తీసేశా, గుర్తుపట్టేలా ఉన్న చిన్న వివరాలు ఒకటి రెండు మార్చా కూడా.

నేపథ్యం

టైగర్ మాత్ గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం. ఇంగ్లండ్‌లో డి హావిలాండ్ కంపెనీ చేసిన రెండు రెక్కల ట్రైనర్, మొదటిసారి ఎగిరింది 1931 అక్టోబర్‌లో. బాడీ ఉక్కు గొట్టాలతో, రెక్కలు స్ప్రూస్ చెక్కతో, పైన లినెన్ గుడ్డ, ఆ గుడ్డ మీద డోప్, అంటే గుడ్డని బిగించే వార్నిష్ లాంటి పూత. 130 హార్స్‌పవర్ జిప్సీ మేజర్ ఇంజన్, నాలుగు సిలిండర్లు తలకిందులుగా ఉంటాయి. బ్రేకులు లేవు, తోక కింద చక్రం కూడా లేదు, నేల మీద రాసుకుంటూ పోయే స్కిడ్ మాత్రమే. స్టార్టర్ లేదు, ఒకడు ముందు నిలబడి ప్రొపెల్లర్ చేత్తో తిప్పాలి, అందుకే మాగ్నెటో (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించేది) స్విచ్‌లు కాక్‌పిట్ బయట పెట్టారు, తిప్పేవాడికి కనపడాలని. ముందు సీట్లో ఇన్‌స్ట్రక్టర్, వెనక సీట్లో కుర్రాడు, మధ్యలో మాట్లాడుకోవడానికి ఒక రబ్బరు గొట్టం. ఒంటరిగా ఎగిరితే వెనక సీట్లోంచే ఎగరాలి. ఈ వెనక సీటు సంగతి గుర్తుపెట్టుకోండి, కేసులో పనికొస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశంలో పైలట్ అవ్వాలంటే మొదటి మెట్టు ఇదే. లాహోర్ దగ్గర వాల్టన్‌లో గ్రౌండ్ ట్రైనింగ్, తర్వాత ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్, ఒకటి మన బేగంపేటలో, ఇంకొకటి జోధ్‌పూర్‌లో, అది పాసైతే అంబాలా. హైదరాబాద్‌లో ఇప్పటి తరానికి బేగంపేట అంటే పాత ఎయిర్‌పోర్ట్, అంతే, కానీ అప్పట్లో పొద్దున్నే అక్కడ ఆకాశం నిండా ఈ పసుపు రెక్కలే. యుద్ధం అయ్యాక కూడా ఎయిర్‌ఫోర్స్‌లో కొన్నేళ్లు నడిచాయి, బెంగళూరులో హెచ్‌ఏఎల్ వాళ్లు ఘాటగే గారి డిజైన్‌తో చేసిన హెచ్‌టీ-2 ట్రైనర్ వచ్చాక మెల్లగా తప్పుకున్నాయి, ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఇంకా చాన్నాళ్లు ఉన్నాయి.

గొడవ ఏంటంటే

కోస్తా వైపు ఒక కుటుంబం. వాళ్ల తాతగారు యుద్ధం రోజుల్లో బేగంపేటలో కేడెట్. ట్రైనింగ్ మధ్యలో ప్రమాదం జరిగి కాలు విరిగింది, పైలట్ కోర్సు నుంచి తీసేసి గ్రౌండ్ డ్యూటీకి మార్చారు, యుద్ధం అయ్యాక బయటికొచ్చి ప్రభుత్వ ఉద్యోగం చేసుకున్నాడు. పోయి చాలా ఏళ్లైంది. ఆయన జీవితాంతం చెప్పిన కథ: "టేకాఫ్ అయ్యాక ఇంజన్ ఆగిపోయింది, నేను మెల్లగా పొలంలో దింపా, గుంతలో చక్రం పడి కాలు విరిగింది."

ఇంట్లో ఒక ఫోటో ఉంది, తాతగారు టైగర్ మాత్ పక్కన నిలబడి ఉన్నాడు, విమానం నంబర్ సగం కనిపిస్తోంది. మనవళ్లలో ఒకడికి విమానాల పిచ్చి, ఆ నంబర్ చదివి ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన జాబితాలో వెతికితే ఆ విమానం 1946లో లెక్కల్లోంచి కొట్టేశారని ఉంది. అంటే తాతగారి ప్రమాదం తర్వాత కూడా విమానం ఏళ్ల తరబడి బానే ఉందని అర్థం కదా, ఇక ఇంట్లో రెండు వర్గాలు. తాతగారు ఫెయిలై ఇంటికొచ్చి కథ అల్లాడని ఒకళ్లు, అసలు రెక్కే ఊడి ఉంటుంది ఆర్మీ వాళ్లు దాచేశారని ఇంకొకళ్లు. పెద్ద కూతురికి ఎనభై దాటాయి, ఆవిడకి ఈ మాటలు వినడమే ఇష్టం లేదు. మనవడు నాకు ఫోన్ చేసి అడిగింది ఒకటే, "అంకుల్, తాతయ్య అబద్ధం చెప్పాడా లేదా, అది చెప్పండి చాలు."

నేను ఆ ప్రశ్న తీసుకోలేదు. మనిషి నిజం చెప్పాడా అని కాగితాలు చెప్పవు బాబూ, ఆ విమానం ఏది, దానికి ఏ రోజు ఏం జరిగింది, ఇది మాత్రం తేల్చగలం అన్నా. ఇది తప్పించుకోవడం కాదు. ప్రశ్న మనిషి మీద పెట్టుకుంటే వెతికే ప్రతి కాగితంలో ఆయన తరఫునో ఆయనకి ఎదురుగానో సాక్ష్యమే కనిపిస్తుంది, మిగతాది కంటికి ఆనదు.

ముందు చేసినవి, ఎందుకు ఫలించలేదంటే

మొదట అందరూ చేసేదే చేశాం, పేరుతో వెతకడం. స్కూల్ ఆపరేషన్స్ రికార్డ్ బుక్, ఫారం 540 అంటారు, అలాంటివి లండన్ దగ్గర క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. పేజీల కాపీలు తెప్పించి చూస్తే కేడెట్ల పేర్లు దాదాపు లేవు. ఇందులో కుట్రేం లేదు, ట్రైనింగ్ స్కూల్ డైరీలో చనిపోయినవాళ్ల పేరు రాస్తారు, ఆఫీసర్ల బదిలీలు రాస్తారు, కాలు విరిగిన కుర్రాడి పేరు రాయాల్సిన అవసరం వాళ్లకి లేదు. పేరు లేదు కాబట్టి ప్రమాదం జరగలేదు అని ఇంట్లో ఒక వర్గం అప్పుడే సంబరపడింది, వద్దు ఆగండి అని చెప్పాల్సొచ్చింది.

తర్వాత ఆ 1946 సంగతి. ఆ జాబితాలు తయారయ్యేది మూవ్‌మెంట్ కార్డుల నుంచి, ఫారం 78 అని, ఒక్కో విమానానికి ఒక్కో కార్డు. ఇంగ్లండ్‌లో ఉన్నంత కాలం ఆ కార్డు బంగారం, ఏ రోజు ఏ యూనిట్‌కి వెళ్లింది, ఎప్పుడు రిపేర్‌కి పోయింది అన్నీ ఉంటాయి. కానీ విమానాన్ని పెట్టెల్లో ప్యాక్ చేసి ఓడెక్కించి ఇండియా పంపించాక లండన్‌లో కూర్చున్న గుమస్తాకి దాని గురించి ఏం తెలుస్తుంది? ఓడ పేరు, చేరిన తేదీ, ఆ తర్వాత ఖాళీ. యుద్ధం అయ్యాక లెక్కలు సర్దే రోజున మిగిలిన కార్డులన్నిటి మీదా ఒకే తేదీ వేసి కొట్టేస్తారు. దాన్ని పోల్చుకోవడం ఎలాగంటే, అదే జాబితాలో చుట్టుపక్కల నంబర్లు చూడాలి. మేం చూస్తే వరసగా బోలెడు విమానాలకి అదే తేదీ ఉంది, ఒకే రోజు అన్ని విమానాలు పోవు కదా. అంటే 1946 అన్నది విమానం పోయిన తేదీ కాదు, ఆఫీసు లెక్క మూసిన తేదీ.

ఇంకో తమాషా, మనవడు ఫోటోలో చదివిన నంబర్ కూడా తప్పే. అక్షరాలు రెండు, అంకెలు మూడు, చివరి అంకె 8 అనుకున్నాడు. వాడు చూసిన జాబితాలో తప్పుగా ఇంకో విమానంతో కలిపేసి ఉంది గానీ, అసలు ఆ నంబర్‌తో విమానమే ఉండకూడదు. ఎందుకంటే రాయల్ ఎయిర్‌ఫోర్స్ వాళ్లు శత్రువుకి లెక్క తెలియకూడదని నంబర్ల మధ్యలో కావాలని ఖాళీలు వదిలేవాళ్లు, వీడు చదివిన నంబర్ సరిగ్గా అలాంటి ఖాళీలో పడింది. ఫోటోని పెద్ద రిజల్యూషన్‌తో స్కాన్ చేయించి చూస్తే అది 3, స్ట్రట్‌కి (పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య ఉండే కమ్మీకి) కట్టిన వైరు నీడ పడి 8 లా కనపడింది.

సరే నంబర్ దొరికింది కదా అని మనవడు ఎగిరాడు, నేను అక్కడా ఆపా. ఫోటో దిగిన విమానం, ప్రమాదమైన విమానం ఒకటే అని ఎవరు చెప్పారు? కొత్తగా చేరిన కుర్రాళ్లు లైన్లో ఏది ఖాళీగా ఉంటే దాని పక్కన నిలబడి ఫోటో దిగి ఇంటికి పంపేవాళ్లు. నంబర్ పక్కన పెట్టాం.

రెక్క ఊడిందన్న వాదన కూడా కొట్టిపారేయకుండా చూశా, ఎందుకంటే టైగర్ మాత్‌కి అలాంటి జబ్బు లేకపోలేదు. కింది రెక్కలు రెండిటినీ బాడీ అడ్డంగా పట్టి ఉంచేది రెండు ఉక్కు టై రాడ్‌లు, వాటి మర దగ్గర పగుళ్లు మొదలైతే పైకి కనపడవు. 2013 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరంలో ఒక టైగర్ మాత్‌కి సరిగ్గా ఆ రాడ్‌లు తెగి గాల్లోనే ఎడమ రెక్క విరిగి ఇద్దరూ చనిపోయారు. కానీ అది ఏళ్ల తరబడి లోడు పడి పడి వచ్చే ఫెటీగ్, మన విమానం వయసు అప్పటికి చాలా తక్కువ. పైగా గాల్లో రెక్క పోయినవాడు కాలు విరగ్గొట్టుకుని బతికి బయటపడ్డం దాదాపు ఉండదు. పూర్తిగా కాదనలేదు గానీ జాబితాలో అట్టడుగున పెట్టా.

దారి చూపించినవి

ఇంకేమైనా ఉందా అని అడిగితే పెద్ద కూతురు గారు బీరువాలోంచి ఒక నోటుబుక్కు, పూజ గదిలోంచి ఒక చిన్న ఇత్తడి ప్లేటు తీయించారు. నోటుబుక్కు అన్నది పైలట్ లాగ్‌బుక్. ఇంట్లోవాళ్లు దాన్ని మార్కుల పుస్తకం అనుకున్నారు, ఎందుకంటే ప్రతి వరసలో 4, 5, 6, 7 ఇలా అంకెలు ఉన్నాయి, తాతయ్యకి ఎప్పుడూ పదికి ఆరు, ఏడే వచ్చేవి అని నవ్వుకునేవాళ్లట. అవి మార్కులు కాదు, పాఠాల నంబర్లు. అప్పటి సిలబస్‌లో 4 అంటే తిన్నగా లెవెల్‌గా ఎగరడం, 6 మీడియం టర్న్‌లు, 7 గాలికి ఎదురుగా టేకాఫ్, 10 స్పిన్ (విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పడటం), 11 మొదటి సోలో, అంటే ఒంటరిగా ఎగరడం, 15 స్టీప్ టర్న్‌లు, 17 ఫోర్స్‌డ్ ల్యాండింగ్.

ఈయన లాగ్‌లో 11 ఉంది, 12 ఉంది, మళ్లీ 7, 8, 9 సోలోగా ఉన్నాయి. 15 లేదు, 17 లేదు. చివరి వరసలో తేదీ ఉంది, విమానం నంబర్ గడిలో మూడు అంకెలే ఉన్నాయి, అక్షరాలు రాయలేదు (కుర్రాళ్లు మామూలుగా అంతే రాసేవాళ్లు), సమయం గడి ఖాళీ. ఆ మూడు అంకెలు ఫోటోలో విమానానివి కావు. పక్కన పెట్టడం మంచిదైంది.

ఇప్పుడు ప్లేటు. విమానం నంబర్ ప్లేటు అని ఇంట్లో అనుకున్నారు. ఏటా పండక్కి చింతపండు పెట్టి తోమి తోమి దాని మీద కొట్టిన అంకెలు సగం అరిగిపోయాయి. మామూలుగా ఫోటో తీస్తే ఏం కనపడలేదు. చీకటి గదిలో పెట్టి టార్చ్ లైటు పూర్తిగా పక్క నుంచి, దాదాపు ప్లేటుకి ఆనించి వేయించి నాలుగు దిక్కుల నుంచీ ఫోటోలు తీయించా, పైన పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దించా. కెమికల్ పెట్టొద్దని ముందే చెప్పా, ఉన్న కాస్త లోతు కూడా పోతుంది. అలా బయటపడ్డ మొదటి మాట "జిప్సీ మేజర్". అంటే అది విమానం ప్లేటు కాదు, ఇంజన్ ప్లేటు.

మనవడు నీరుగారిపోయాడు. ఇంజన్లు ఒక విమానం నుంచి ఇంకోదానికి మారుతూనే ఉంటాయి కాబట్టి ఇంజన్ నంబర్‌తో విమానం తేలదు అని వాడే ఎక్కడో చదివాడు, అది నిజమే. కానీ నాకు ఆ ప్లేటు ఇంట్లో ఉండటమే విచిత్రంగా అనిపించింది. ఎందుకంటే యుద్ధ కాలంలో ఇంజన్ అంటే ఎంత విలువ, కాస్త దెబ్బ తగిలినా డిపోకి పంపి ఓవర్‌హాల్ చేసి మళ్లీ వాడతారు, నంబర్ ప్లేటు లేని ఇంజన్‌ని స్టోర్స్‌లో ఎవడూ తీసుకోడు. ప్లేటు ఊడదీసి ఒక కుర్రాడికి గుర్తుగా ఇచ్చారంటే, ఆ ఇంజన్ ఇక పనికిరాదని అప్పటికే తేల్చేశారన్నమాట. ఇంజన్ పనికిరాకుండా పోవాలంటే నేలకి ముందు అదే గట్టిగా తగిలుండాలి, దాని బయటి పెట్టె, క్రాంక్‌కేస్, పగలాలి. పొలంలో మెల్లగా దింపి గుంతలో చక్రం పడితే ఏమవుతుంది? ప్రొపెల్లర్ విరుగుతుంది, మహా అయితే విమానం ముక్కు మీదకి వాలి బోల్తా పడుతుంది, ఇంజన్‌ని విప్పి చెక్ చేసి మళ్లీ పెడతారు. కాబట్టి విమానం ముక్కు కిందికి పెట్టి పడింది అని ఆ రోజే నోట్ రాసుకున్నా. ఏ కాగితమూ రాకముందే. దీన్ని ఎవరికీ చెప్పలేదు, ఊహని ముందే చెప్తే తర్వాత వచ్చే కాగితాన్ని అందరూ ఆ ఊహతోనే చదువుతారు.

ఇప్పుడు మళ్లీ ఆ రికార్డ్ బుక్ కాపీలే తీశా, ఈసారి పేరుతో కాదు, మూడు అంకెలతో, తేదీతో. కొత్త కాగితం ఒక్కటీ తెప్పించలేదు, మొదట చూసిన పేజీలే. కుర్రాడి పేరు రాయని స్కూల్ విమానం నంబర్ మాత్రం ఎందుకు రాస్తుందంటే, విమానం ఆస్తి, దానికి గీత పడినా పై ఆఫీసుకి జవాబు చెప్పాలి. దొరికింది. ఒక్క చోట కాదు, మూడు చోట్ల, అలా ఆ విమానం మొత్తం జీవితమే బయటికొచ్చింది.

పెట్టెల్లో వచ్చి, డిపోలో బిగించుకుని, స్కూల్‌కి చేరింది. చేరిన కొన్ని నెలలకే ల్యాండింగ్‌లో గిర్రున తిరిగి ఒక పక్క కింది రెక్క కొన నేలకి రాసుకుంది, కేటగిరీ ఏ, అంటే అక్కడికక్కడే బాగు చేసుకోవచ్చు. బ్రేకులు లేని విమానానికి ఇది జలుబు లాంటిది, దీన్ని పట్టించుకోనక్కర్లేదు. రెండోది పెద్దది, మెత్తటి నేల మీద ట్యాక్సీ చేస్తూ ముక్కు మీదకి వాలి వీపు మీద తిరగబడింది, కేటగిరీ బీ, డిపోకి పంపారు. పై రెక్క, రడ్డర్, ప్రొపెల్లర్ మారాయి, ప్రొపెల్లర్ తిరుగుతూ నేలకి తగిలింది కాబట్టి ఇంజన్ కూడా దించి ఓవర్‌హాల్ అయిన వేరే ఇంజన్ పెట్టారు. అంటే తిరిగొచ్చిన విమానంలో పాత నంబర్ ఉంది, పాత బాడీ ఉంది, మిగతాది చాలావరకు వేరే విమానాలది. మూడోది తాతగారి తేదీ. రెండు లైన్లు. సోలో కేడెట్, టేకాఫ్ తర్వాత ఇంజన్ పవర్ పోయింది, ఏరోడ్రోమ్ వైపు తిరుగుతూ స్టాల్ అయ్యి (స్పీడ్ చాలక రెక్కలు విమానాన్ని మోయలేక) పడింది, కేడెట్‌కి గాయాలు, విమానం కేటగిరీ ఈ, అంటే ఇక లేనట్టే.

లండన్ హెండన్‌లో ఉన్న రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ప్రమాద కార్డులు ఉంటాయి, ఫారం 1180. ఇప్పుడు మన దగ్గర పూర్తి నంబర్, తేదీ, చోటు ఉన్నాయి కాబట్టి కచ్చితంగా అడగగలిగాం, వచ్చింది. ఇంజన్ నంబర్ చింతపండు ప్లేటు మీద మిగిలిన అంకెలతో సరిపోయింది. కారణం గడిలో "ఎర్రర్ ఆఫ్ జడ్జ్‌మెంట్", కింద చిన్న అక్షరాల్లో, ఇంజన్ పవర్ తగ్గిన మాట నిజం, విప్పి చూసినా కారణం తేలలేదు అని.

అక్కడ ఏం జరిగుంటుంది

ఇది కుటుంబానికి ఎక్కువ టైమ్ తీసుకుని చెప్పా, ఎందుకంటే "జడ్జ్‌మెంట్ తప్పు" అన్న మాట చూడగానే ఒక వర్గం మళ్లీ మొదలెట్టింది.

బేగంపేట సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తు. ఎండాకాలం 40 డిగ్రీల వేడిలో అక్కడి గాలి ఎంత పల్చబడుతుందంటే విమానానికి 5,000 అడుగుల పైనున్నట్టు ఉంటుంది. ప్రమాదం జరిగింది అలాంటి నెలలోనే, పొద్దెక్కాక. 130 హార్స్‌పవర్ అన్నది ఇంగ్లండ్ చల్లగాలిలో లెక్క, ఇక్కడ అంత రాదు. స్టాల్ స్పీడ్ మీటర్లో మారదు గానీ ఎక్కడం మందగిస్తుంది, కాబట్టి ఫీల్డ్ చివరికొచ్చేసరికి కుర్రాడు పుస్తకంలో చెప్పినంత ఎత్తులో లేడు. అప్పుడు ఇంజన్ తగ్గింది.

రూల్ ఒకటే, తిరగొద్దు, ముక్కు దించి ఎదురుగా ఉన్నదాంట్లో దిగు. ఇంగ్లండ్‌లో ఎదురుగా గడ్డి మైదానం ఉంటుంది. హైదరాబాద్ చుట్టూ ఏముంటాయో మనకి తెలుసు, ఏనుగులంత బండరాళ్లు, మధ్యమధ్యలో చెరువులు. వెనక్కి చూస్తే చదునైన ఏరోడ్రోమ్ పిలుస్తూ ఉంటుంది. ఇరవై ఏళ్లు నిండని కుర్రాడు తిప్పాడు. టైగర్ మాత్ లెవెల్‌గా ఎగిరితే గంటకి 45 మైళ్ల దగ్గర స్టాల్ అవుతుంది అనుకుంటే 45 డిగ్రీలు వాల్చి తిప్పితే 53, 54 దగ్గరే అవుతుంది, 60 డిగ్రీలు వాలిస్తే 63 దాటి ఉంటేనే నిలబడుతుంది. ఎక్కేటప్పుడు ఉండే స్పీడే 65 చుట్టుపక్కల, ఇంజన్ తగ్గగానే ఈ వైర్లు స్ట్రట్‌ల విమానానికి స్పీడ్ ఇట్టే పడిపోతుంది. పైగా గాలి వెంబడి తిరిగితే నేల వేగంగా పరిగెడుతున్నట్టు కనిపిస్తుంది, స్పీడ్ ఎక్కువైందనుకుని స్టిక్ ఇంకాస్త వెనక్కి లాగుతారు. ఏలరాన్లు, అంటే విమానాన్ని పక్కకి వాల్చే రెక్క అంచు పలకలు, కింది రెక్కలకే ఉన్నాయి, అవి బద్ధకంగా పని చేస్తాయి, వాలిన రెక్కని ఏలరాన్‌తో లేపబోతే ముక్కు ఆ వాలిన పక్కకే లాగుతుంది. అక్కణ్ణుంచి స్పిన్ మొదలైతే కోలుకునే ఎత్తు లేదు, ముక్కు ముందు నేలకి తగులుతుంది, ఇంజన్ పగులుతుంది. ఇంజన్‌కీ కుర్రాడికీ మధ్యలో ముందు సీటు ఖాళీగా ఉంది, ఆయన వెనక సీట్లో ఉన్నాడు. బతికింది అందుకే అనుకుంటున్నా.

ఇంకోటి, ఇది ప్రమాద కార్డులో లేదు, లాగ్‌బుక్‌లో ఉంది. ఆయనకి అప్పటికి 17వ పాఠం, ఫోర్స్‌డ్ ల్యాండింగ్, చెప్పలేదు. 15, స్టీప్ టర్న్, అదీ చెప్పలేదు. టేకాఫ్ పాఠంలో నోటి మాటగా తిరగొద్దని చెప్పే ఉంటారు, కానీ ఇంజన్ ఆగితే చేతులు ఏం చేయాలో ఆ చేతులకి ఇంకా అలవాటు కాలేదు. కారణం గడి నింపినవాడు ఈ లాగ్‌బుక్ పక్కన పెట్టుకుని నింపాడో లేదో, కార్డులో ఆ ఊసు లేదు. సిలబస్‌లో ఆ వరస స్కూల్ పెట్టింది కాదు, ప్రతిచోటా అదే, సోలో ముందు, ఫోర్స్‌డ్ ల్యాండింగ్ తర్వాత. ఎక్కడోచోట ఆ మధ్య కాలం ఉండక తప్పదు, ఈయన ఇంజన్ ఆ మధ్యలో ఆగింది.

నేను తీసుకున్నవి

రిపోర్టులో వాక్యాలు విడివిడిగా రాశా. ఇంజన్ పవర్ పోయింది: కార్డు ఒప్పుకుంది. వెనక్కి తిరిగాడు, స్టాల్ అయ్యింది: రెండు కాగితాలు చెప్తున్నాయి, ప్లేటు కూడా దాంతోనే సరిపోతుంది. పొలంలో మెల్లగా దింపాడు: ఏ ఆధారమూ లేదు, ఉన్న ఆధారాలు దానికి ఎదురు. రెక్క ఊడింది: ఎక్కడా లేదు. 1946: విమానానికి సంబంధం లేని తేదీ. అన్నీ కలిపి "తప్పు ఎవరిది" అని ఒక లైను రాయమని మనవడు అడిగాడు, రాయలేదు.

ఆ తర్వాత వచ్చిన కేసుల్లో నేను పద్ధతి కొంచెం మార్చుకున్నా. ఒకటి, కాగితం చేతికి రాగానే ఇది ఎవరు, ఎవరికి జవాబు చెప్పడానికి రాశారు అని ముందు చూస్తా. స్టోర్స్ కోసం, రిపేర్ కోసం రాసిన లైన్లు నమ్మకం, వాటిలో అబద్ధం చెప్పి ఎవరికీ లాభం లేదు. కారణం గడి మాత్రం తీర్పు, అది చివర్లో చదువుతా. రెండు, పేరుతో దొరకని పేజీలని పారేయకుండా పెట్టుకుంటా, నంబర్ తెలిశాక అవే పేజీలు మళ్లీ చదవాలి. ఇంట్లో ఉన్న వస్తువు మీద ఏం రాసుందో అన్నది సరే, అది అసలు ఇంటికి ఎలా రాగలిగింది అని కూడా అడుగుతా, చాలాసార్లు దానికే ఎక్కువ జవాబు ఉంటుంది. విమానం నంబర్ ఒకటే అయినా లోపల భాగాలు వేరేవి అని గుర్తుంచుకుని ఇంజన్‌కీ బాడీకీ వేర్వేరు కాలక్రమాలు గీస్తా, ఈ కేసులో రెండు గీతలు కలిసింది చివరి కొద్ది వారాలే.

పెద్ద కూతురు గారికి రిపోర్టు మనవడు చదివి వినిపించాడట. పొలం మాట లేదని తెలిసి ఆవిడ ఒప్పుకోలేదు, నాన్న నాతో చెప్పింది అదే, అది కూడా రాయమన్నారు. రాశా, కుటుంబ కథనం అని వేరే పేరాలో, ఆవిడ మాటల్లోనే. ప్లేటు మళ్లీ పూజ గదిలోకే వెళ్లింది, ఇక చింతపండు పెట్టొద్దు, పొడి గుడ్డతో తుడిస్తే చాలు అని చెప్పా, లాగ్‌బుక్ మాత్రం పేజీ పేజీ స్కాన్ చేయించి రెండు కాపీలు వేర్వేరు ఇళ్లలో పెట్టించా.